కిటికీ పక్క మేకు

యానాం,
9 నవంబరు 2008, ఆదివారం

నిర్మలక్కకు,

చేతిలో ఫోను పెట్టుకుని ఇదేం ఉత్తరం అనుకుంటావని తెలుసు. ఈ ఊరి బడికి బదిలీ అయి వచ్చి ఐదు నెలలైంది. ఇక్కడ బస్సు మీద తెలుగే, మందుల కొట్టు మీద తెలుగే. దొరైస్వామి తాత మనిద్దరికీ పలక మీద దిద్దించిన అక్షరాలు ఊరంతా కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోవడం లేదు. మన ఇంట్లో మగపిల్లల్లో ఒక్కడూ నేర్చుకోలేదు. మా ఆయనకు రాదు, బావకు రాదు. అంటే ఈ ఉత్తరం నువ్వు బల్ల మీద పరిచి పెట్టినా నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఫోనులో ఆ సుఖం లేదు. నేను ఇక్కడ మాట్లాడుతుంటే పక్క గది టీచరు చెవి గోడకు ఆనుకునే ఉంటుంది.

దీపావళికి ఆయన కొన్న కారును నేను ఒక్క పూటే చూశాను. తాళం జేబులో ఉంటే చాలు, తలుపు పిడి మీది నల్ల మీట నొక్కగానే తెరుచుకుంటుంది. లోపల ఇంకో మీట నొక్కితే ఇంజను మొదలవుతుంది. తాళం తిప్పే పనే లేదు. ఆయన చిన్నపిల్లాడిలా పదిసార్లు చేసి చూపించాడు. మర్నాడే నేనూ పాపా రైలెక్కాం. నీ కుట్టుమిషను కిటికీ ముందే మా ఇంటి గోడ, ఆ గోడ పక్కనే కారు. నాకంటే నువ్వే ఎక్కువ చూస్తుంటావు. ఎలా ఉందో రాయి. ఆయన జాగ్రత్తగా చూసుకుంటున్నాడా?

పెదనాన్న కూతురివైనా నాకు ఉన్న అక్కవు నువ్వొక్కదానివే. బావను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
ప్రీతి


మురుంగపాక్కం, పుదుచ్చేరి,
20 నవంబరు 2008

చిరంజీవి ప్రీతికి అక్క నిర్మల దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ బావ, "ఏంది అది, కోర్టు నోటీసా?" అని అడిగాడు. మా చెల్లెలు అంటే కాగితాన్ని తిరగేసి, పూల ముగ్గులా ఉందన్నాడు. నాకు 'ఋ' గుర్తు లేదు. తప్పులుంటే నవ్వకు.

కారు గురించి అడిగావు. ఎలా ఉంటుంది? ముత్యంలా ఉంది. పొద్దున్నే మీ ఆయన, మా మరిది, బనీనుతో నిలబడి తుడుస్తుంటే వీధి మొత్తం ఆగి చూస్తుంది. మీ బావ స్కూటరు దాని పక్కన పెడితే వికారంగా ఉందని నేనే లోపల పెట్టించాను.

దానికి అతను చేయించిన భద్రతలు వింటే నవ్వొస్తుంది. తాళం చెవి తిప్పని కారును దొంగలు ఇంకా సులువుగా తీసుకుపోతారని ఎవరో చెప్పారట. వెంటనే ఒక సైరను పెట్టించాడు. ఎర్ర దీపం రోజంతా మిణుకు మిణుకుమంటుంది. స్టీరింగుకు అడ్డంగా బిగించే ఇనుప కడ్డీ కొన్నాడు. అద్దాల మీద నంబరు చెక్కించాడు. మీ బావ మొత్తం చూసి, "ఆ కడ్డీ ఒక్కటి చాలునప్పా. దాన్ని కోసేకి టైం పడతాది. దొంగోడు ఇంకో బండి చూసుకుంటాడు. మిగతాదంతా షోకు," అన్నాడు. మా మరిదికి కోపం వచ్చింది. పంపు హౌసులో పనిచేసేవాడికి కార్ల సంగతి ఏం తెలుసునని అనలేదు గాని, ముఖం అలాగే పెట్టాడు.

ఆ సైరను కాకి వాలితే అరుస్తుంది, పెళ్ళి టపాసుకు అరుస్తుంది. మొన్న మధ్యాహ్నం మూడుసార్లు అరిస్తే ఎదురింటి పంకజం పిన్ని వచ్చి, "నాకు గుండె జబ్బు ఉండాది, దాన్ని ఆపుతావా లేదా," అని తగులుకుంది. ఆ రోజు నుంచి సైరను ఆపేశాడు. దీపం మాత్రం వెలుగుతోంది. కడ్డీ మొదటి వారం పెట్టాడు, తర్వాత నడుము నొప్పి అని సీటు కింద పడేశాడు.

మేము ఇంకా ఆ కారు ఎక్కలేదు. తొందరేముంది. ముందు సీటు ఖాళీగా ఉండాలి కదా.

నీ అక్క,
నిర్మల


యానాం,
3 డిసెంబరు 2008

అక్కకు,

'ఋ' నాకూ సరిగా రాదు, బాధపడకు. గోదావరి మీద నుంచి గాలి కొడుతోంది, కాగితం మీద చెంచా పెట్టి రాస్తున్నాను.

ముందు సీటు ఖాళీగా ఉండాలి అని రాశావు. అంటే ఏమిటి? ఎవరు కూర్చుంటున్నారు? నిన్న ఫోనులో ఆయన్ను అడిగితే, "షాపు సామాను పెడతా ఉంటాను, టైల్సు శాంపిళ్ళు," అన్నాడు. టైల్సు అయితే నువ్వు అలా రాయవు. నేను నిన్ను ఎరుగుదును, నువ్వు ఒక మాట ఊరికే వేయవు.

కారు కొన్నప్పుడు క్రిస్మసు సెలవులకు తానే నడుపుకుని వచ్చి నన్నూ పాపనూ తీసుకెళ్తానన్నాడు. ఆ రోజుల కోసం లెక్క పెడుతున్నాను. నువ్వు దాచకుండా రాయి.

ప్రీతి


మురుంగపాక్కం,
29 డిసెంబరు 2008

చిరంజీవి ప్రీతికి,

క్రిస్మసు జాకెట్ల పనిలో పడి ఆలస్యమైంది. నాకు ఇందులో తలదూర్చడం ఇష్టం లేదు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను.

షాపులో బిల్లులు రాసే అమ్మాయి తేన్మొళి నీకు తెలుసు కదా. సోలై నగర్ నుంచి వస్తుంది, చంద్రన్ అనే పడవాయన కూతురు. ఇరవై ఏడేళ్ళుంటాయి. మంచి రంగు. షాపు మూసేటప్పుడు కారులోనే వెళుతుంది. ముందు సీట్లో. నేను కళ్ళతో చూశాను.

ఇరవై నాలుగో తేదీన మీ దగ్గరికి బయలుదేరాల్సినవాడు ఎందుకు ఆగాడో నీతో ఏం చెప్పాడో తెలియదు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి తేన్మొళిని ముందు కూర్చోబెట్టుకుని కారు మన వీధి మలుపు తిరగడం చూశాను. ఇంతకంటే నాకు తెలియదు.

ఒకటి మాత్రం రాస్తాను, నీ మీద కోపంతో కాదు. అక్టోబరు చివర మీ బావకు జ్వరం వచ్చి ఆటో కోసం ఎండలో నిలబడ్డాం. కారు మా పక్క నుంచే వెళ్ళింది. అతను చూడలేదేమో. అందులో ఆ అమ్మాయి ఉంది. ఆటో దొరికేసరికి మీ బావ అరుగు మీద పడుకుని ఉన్నాడు. పెద్దాళ్ళం అని ఊరుకున్నాం.

పాపకు ముద్దులు.

నిర్మల


యానాం,
25 జనవరి 2009

అక్కకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు బడికి వెళ్ళలేదు.

ఇరవై నాలుగున ఆయన ఫోను చేసి షాపుకు సరుకు లారీ వస్తోంది, రాలేనన్నాడు. పాప బ్యాగు సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. నేను లారీని నమ్మాను. నీ ఉత్తరం చదివాక ఫోను చేసి అడిగితే, "నువ్వు ఇట్లా అడుగుతావనే చెప్పలేదు," అన్నాడు. అంతే, ఫోను పెట్టేశాను. అప్పటి నుంచి ఆయన చేస్తే పాపకు ఇస్తున్నాను. నేను మాట్లాడటం లేదు.

అక్కా, నాకు ఆ అమ్మాయి ముఖమే కనిపిస్తోంది. పిల్లల లెక్కలు దిద్దుతుంటే ఆ సీటు కనిపిస్తోంది. నేను ఒక్క పూట కూర్చున్న సీటు.

అయినా కారు మా ఇంటిదే. అందుకే ఇది రాస్తున్నాను. పాండిచ్చేరి నుంచి నాతో పాటే బదిలీ అయిన ఫిజిక్సు మాస్టారు వీరాసామి గారితో ఆ తాళం గురించి మాట్లాడాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తాళం ఇంట్లో యాడ పెడతారు?" అని. వీధి కిటికీ పక్క మేకుకు అన్నాను. కారు ఎక్కడ అన్నారు. ఆ గోడకు ఆనించి అన్నాను. ఆయన తల పట్టుకున్నారు.

"అమ్మా, ఆ తాళం కారుతో రేడియోలా మాట్లాడుతుంది. మధ్యలో కిటికీయే కదా ఉంది. తాళం పక్కనే ఉందనుకుని కారు ఎవరికైనా తెరుచుకోవచ్చు. బండి కదిలాక తాళం దూరమైనా ఇంజను ఆగదు," అన్నారు. నేను నమ్మలేదు. స్టాఫ్ రూములో పాట పాడుతున్న చిన్న రేడియోను నా టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించారు. పాట ఆగిపోయింది. మూత తీస్తే మళ్ళీ వచ్చింది. "ఎవర్‌సిల్వర్ డబ్బా ఒకటి చాలు. దానికి మించిన అలారం లేదు. దాంతో పాటు ఆ ఇనుప కడ్డీ," అన్నారు.

మా ఆయనతో నేను మాట్లాడటం లేదు కాబట్టి నువ్వు చెప్పు. తాళం మేకు నుంచి తీసి మూత ఉన్న స్టీలు డబ్బాలో, లోపలి గదిలో పెట్టమను. కడ్డీ రోజూ బిగించమను. నేను చెప్పానని చెప్పు. చెప్పాక నాకు రాయి.

ప్రీతి


మురుంగపాక్కం,
4 ఫిబ్రవరి 2009

చిరంజీవి ప్రీతికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పమన్నది చెప్పాను. విన్నాడు. సరే అన్నాడు. చేస్తాడో లేదో నాకు తెలియదు, నేను అతని ఇంట్లో కాపలా ఉండను కదా.

కనగం అత్త మనవరాలి చెవులు కుట్టే పండగకు వెళ్ళి వచ్చాం, బస్సులో. భోజనాలు బాగున్నాయి. నీ గురించి అందరూ అడిగారు. లెక్కల టీచరు, కారు, ఇల్లు, అన్నీ కుదిరినదాని గురించి అడగడానికి జనానికి సరదా.

ఒంట్లో జాగ్రత్త.

నిర్మల


మురుంగపాక్కం,
12 మార్చి 2009

చిరంజీవి ప్రీతికి,

ఫోనులో అంతా విన్నావు. అయినా క్రమంగా రాస్తున్నాను.

మాసి మగం పండగ కదా, వీధిలో సగం మంది స్వామికి సముద్రంలో జరిగే తీర్థవారి స్నానం చూడటానికి వైత్తికుప్పం వెళ్ళారు. మా మరిది షాపు మూసి ఒంటిగంటకు భోజనానికి వచ్చి పడుకున్నాడు. మూడింటికి లేచి చూస్తే గోడ పక్క కారు లేదు. తాళం మేకు మీదే ఉంది. అతను చేతిలో తాళం పట్టుకుని వీధిలో నిలబడి నన్ను అడిగాడు: "వదినా, బండి యాడ?" ఆ ముఖం నేను మరచిపోలేను.

పోలీసులు వచ్చారు. గాజు పగలలేదు, తాళం పోలేదు. రెండో తాళం ఎక్కడ అని అడిగారు. షాపు సొరుగులో ఉంది. ఆ సొరుగు తేన్మొళి చేతిలో ఉంటుంది. ఆమె ఆ రోజు పండగకని సెలవు పెట్టింది. సాయంత్రం నువ్వు ఫోనులో ఇన్‌స్పెక్టరుతోనే మాట్లాడావట కదా. నిన్న పొద్దున జీపు సోలై నగర్ వెళ్ళి ఆమెను తీసుకొచ్చింది. సాయంత్రం దాకా స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. చంద్రన్ బయట కింద కూర్చుని ఉన్నాడట.

మా మరిది, ఆ అమ్మాయికి ఏ పాపం తెలియదని చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు.

నాకు ఒంట్లో బాగాలేదు. మళ్ళీ రాస్తాను.

నిర్మల


యానాం,
18 మార్చి 2009

అక్కకు,

కారు దొరికిందని ఆయన పాపకు చెప్పాడు. దొరికితే దొరకనీ.

నాకు కావలసింది వేరు. పాప చేతిలో ఫోను లాక్కుని నేనే అడిగాను: తాళం డబ్బాలో పెట్టమని నేను అంత దూరం నుంచి అక్కతో చెప్పిస్తే ఎందుకు పెట్టలేదు అని. "నాకెవరూ చెప్పలేదు ప్రీతీ," అన్నాడు. ఎంత నిబ్బరంగా అబద్ధం చెప్పాడో. నువ్వు చెప్పావు, అతను సరే అన్నాడు, ఫిబ్రవరి నాలుగున నువ్వు రాసిన ఉత్తరం నా బల్ల మీదే ఉంది. ఆ ఉత్తరం గురించి చెబితే, "అయితే మీ అక్కనే అడుగు," అన్నాడు. నీ మీదకు నెట్టేశాడు.

పెళ్ళాం చెప్పిన మాట పనికిరానిదైంది. ఆ అమ్మాయి చెప్పి ఉంటే పెట్టేవాడు. అవును, ఇన్‌స్పెక్టరుతో ఆమె పేరు నేనే చెప్పాను. రెండో తాళం ఎవరి దగ్గరుందో అడగండి అన్నాను. దొంగతనం ఆమె చేసిందని అనుకోలేదు. ఒక్క రోజైనా ఆ బెంచీ మీద కూర్చోవాలని అనుకున్నాను. ఇది నీతో తప్ప ఎవరితోనూ అనలేను.

జూన్‌లో బదిలీ వచ్చినా నేను ఆ ఇంటికి వస్తానో లేదో తెలియదు. వకీలు ఒకాయన కాకినాడలో ఉన్నాడని ఇక్కడి టీచరు చెప్పింది. నువ్వు ఏమంటావు?

ప్రీతి


మురుంగపాక్కం,
27 మార్చి 2009

ప్రీతీ,

వకీలు దగ్గరకు వెళ్ళకు. ముందు ఇది చదువు. చదివాక నన్ను ఏమన్నా అను.

మా మరిది అబద్ధం చెప్పలేదు. నేను అతనితో చెప్పలేదు. డబ్బా సంగతి, కడ్డీ సంగతి, ఏదీ చెప్పలేదు. నీ ఉత్తరం మడిచి జాకెట్ల గుడ్డల కింద పెట్టాను. చెప్పానని నీకు రాశాను.

అంతే కాదు. నీ మాస్టారు చెప్పకముందే నాకు తెలుసు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం జాకెట్లు ఇవ్వడానికి వెళుతుంటే నా కొంగు కారు పిడికి తగులుకుంది. తీసుకుంటూ ఆ నల్ల మీట నొక్కాను. తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి చూస్తే చేతికి అందేంత దూరంలో తాళం మేకుకు వేలాడుతోంది. అప్పుడే అర్థమైంది. లోపలికి వెళ్ళి, "హరీ, నీ కారు ఇట్లా తెరుచుకుంటా ఉంది, తాళం అక్కడి నుంచి తీయప్పా," అంటే ఒక్క నిమిషం పని.

అనలేదు. మర్నాడు వీధిలో ఎవరూ లేనప్పుడు మళ్ళీ తెరిచి లోపల కూర్చున్నాను. ముందు సీట్లో. నన్ను ఎవరూ కూర్చోమనని సీట్లో. తలుపు వేసుకుని కాసేపు ఉన్నాను. చల్లగా, కొత్త తోలు వాసన. వచ్చేశాను. అలా నాలుగు రోజులు కూర్చున్నాను ప్రీతీ. నలభై రెండేళ్ళదాన్ని.

ఎందుకని అడుగుతావు. తాత మనిద్దరికీ ఒకేలా నేర్పాడు. నీకు కాలేజీ వచ్చింది, నాకు కుట్టుమిషను వచ్చింది. దానికి ఇన్నేళ్ళు ఏమీ అనుకోలేదనే అనుకున్నాను. ఆ కారు వచ్చి నా కిటికీ ముందు నిలబడ్డాక నాకు నిద్ర పట్టలేదు. ఏదో ఒక రోజు దానికి ఒక గీత పడాలి, మా మరిది వీధిలో తలవంచుకోవాలి, అంతవరకే కోరుకున్నాను. పోవాలని కోరుకోలేదు. కానీ ఆ రోజు మధ్యాహ్నం ఇంజను కదిలిన చప్పుడు విన్నాను. మళ్ళీ ఆ అమ్మాయి కోసమే వెళుతున్నాడనుకుని కిటికీ వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే దొంగ ముఖం కనిపించేది.

ఇంకొకటి ఉంది. అది అన్నింటికంటే పెద్దది. డిసెంబరు ఇరవై నాలుగున కారులో తేన్మొళి ఒక్కతే లేదు. వెనక సీట్లో ఆమె తల్లి పూంగావనం పడుకుని ఉంది. కళ్ళకు ఆపరేషను. సోలై నగర్ నుంచి బస్సులో తీసుకెళ్ళలేరని మా మరిది తీసుకెళ్ళాడు. మన వీధిలో ఆగినప్పుడు నేనే ఆ తల్లికి చెంబుతో నీళ్ళిచ్చాను. నీకు ముందు సీటు గురించి మాత్రమే రాశాను. షాపు మూసేటప్పుడు ఎక్కుతుందని రాశాను, వెనక లోడు దించే ఇద్దరు మనుషులు కూడా ఎక్కుతారని రాయలేదు. రాసింది ప్రతి మాటా నిజమే. అదే నా తెలివి.

కారు ఎలా దొరికిందో విను. వాడు పండగ రోజుల్లో వీధులు తిరుగుతూ ప్రతి కారు పిడినీ లాగి, మీట ఉంటే నొక్కి చూసేవాడట. ఇది తెరుచుకుంది, మీట నొక్కితే మొదలైంది. ఈసీఆర్ రోడ్డు మీద కాలాపేట దాకా వెళ్ళి, ఎవరికీ కనపడకుండా సరుగుడు తోపులోకి తిప్పి ఆపాడు. రెండు రోజులకు నంబరు ప్లేటు మార్చుకుని వచ్చి మీట నొక్కితే కదల్లేదు. తాళం ఇక్కడ మేకు మీద ఉంటే ఎలా కదులుతుంది. యూనివర్సిటీ పిల్లల్ని పిలిచి తొయ్యమన్నాడు. వాళ్ళకు అనుమానం వచ్చి పోలీసుకు చెప్పారు. ఇన్‌స్పెక్టరు వచ్చి సీటు కింద నుంచి కడ్డీ తీసి మా మరిది చేతిలో పెట్టాడు. "సార్, ఇది స్టీరింగుకు పెట్టేది, సీటుకు కాదు," అన్నాడు.

తేన్మొళి మళ్ళీ షాపుకు రాలేదు.

నీ అక్కనని సంతకం చేయడానికి చెయ్యి రావడం లేదు.

నిర్మల


యానాం,
5 ఏప్రిల్ 2009

నిర్మలక్కా,

నాలుగు రోజులుగా నీ మీద రాయాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. రాసి చించేశాను.

ఆయనకు ఫోను చేశాను. క్షమించమని అడిగాను. "నేనూ నిజం చెప్పుండాల. లారీ అని అన్నాను గదా," అన్నాడు. నువ్వు రాసింది ఆయనకు ఇంకా చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి నోటితోనే చెప్పాలి.

కానీ నాకూ ఆయనకూ సర్దుకున్నంత మాత్రాన అయిపోలేదు. ఆ అమ్మాయి సంగతి ఏమిటి? నువ్వు సగం చెప్పావు, నేను పేరు చెప్పాను. మధ్యలో బెంచీ మీద కూర్చున్నది ఆమె. నువ్వు సోలై నగర్ వెళ్ళు. ఆయన్ను పంపకు. నువ్వు వెళ్ళు.

ప్రీతి


మురుంగపాక్కం,
20 ఏప్రిల్ 2009

ప్రీతికి,

ముందు మా మరిదికి చెప్పాను, మీ బావ ఎదుటే. మీ బావ లేచి బయటకు వెళ్ళిపోయాడు, ఆ రోజు అన్నం తినలేదు. మా మరిది తలవంచుకుని విన్నాడు. చివరికి, "కారులో రమ్మని మిమ్మల్ని ఒక్కసారి కూడా పిలవలేదు వదినా, నాకు తోచలేదు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న ఆదివారం బస్సెక్కి సోలై నగర్ వెళ్ళాను. తేన్మొళి ఇంటి ముందు వలలు ఆరవేసి ఉన్నాయి. పూంగావనం నన్ను గొంతును బట్టి గుర్తుపట్టి, "ఆ రోజు నీళ్ళు ఇచ్చిన అమ్మ," అని చాప వేసింది. ఆ చాప మీద కూర్చోలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను. మేము తమిళంలో మాట్లాడుకున్నది తెలుగులో రాస్తున్నాను.

తేన్మొళి ఏడవలేదు, అరవలేదు. అంతా విన్నాక ఇలా అంది: "అక్కా, జీపు వచ్చినప్పుడు ఈ వీధి అంతా బయటకు వచ్చి చూసింది. కారు దొరికిందని చెప్పడానికి జీపు రాలేదు. కొళాయి దగ్గర నేను వెళితే మాట ఆపేస్తారు. మీరు నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలుసు కదా నేను తీయలేదని. వాళ్ళకు చెప్పండి."

"ఎవరికి?"

"ఈ వరసలో పదకొండు ఇళ్ళున్నాయి."

పక్కింటి నుంచి మొదలుపెట్టాను. తేన్మొళి నాతో రాలేదు, తన గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. ప్రతి ఇంటి ముందూ నా పేరు, మా వీధి పేరు చెప్పి, ఈ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు, కారు తెరుచుకుంటుందని తెలిసి నోరు మూసుకున్నది నేను అని చెప్పాను. మొదటి ఇంట్లో నాలుక తడబడింది. మూడో ఇంట్లో ఒకాయన, మాకెందుకమ్మా ఇదంతా అని తలుపు వేశాడు. ఆరో ఇంటికి వచ్చేసరికి పిల్లలు నా వెనక గుంపు కట్టారు. ఎండ నెత్తి మీద ఉంది.

పదకొండో ఇంట్లో ఒక ముసలామె చేపలు శుభ్రం చేస్తోంది. కత్తి ఆపి అంతా విని అడిగింది: "తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

పది ఇళ్ళ దాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "పొరామై," అన్నాను. ఓర్వలేనితనం. ఆ మాట నా గురించి నేను పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత వీధిలోకి వచ్చి గట్టిగా, "తేన్మొళీ, సాయంత్రం కొళాయికి వచ్చేటప్పుడు నన్ను పిలువు," అని కేకేసింది.

తేన్మొళి షాపుకు తిరిగి రానంది. మా మరిది పిలిచినా రానంది. పట్టణంలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసే పని చూసుకుందట. నేను వెళ్ళేటప్పుడు బస్సు స్టాపు ఎటో మాత్రం చూపించింది.

నిర్మల


యానాం,
28 ఏప్రిల్ 2009

అక్కకు,

నీ ఉత్తరం బడిలో చదివాను. వీరాసామి మాస్టారు, "ఏమ్మా, ఇంటి దగ్గర అంతా బాగుండారా?" అని అడిగారు. బాగున్నారని చెప్పలేకపోయాను. కారు దొరికిందండీ అన్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పాప పరీక్షలు అయిపోయాయి. మే నాలుగున రైలు. ఆయన కారులో వచ్చి తీసుకెళ్తానంటే వద్దన్నాను. స్టేషనుకు కూడా రావద్దన్నాను. దిగి నేరుగా ఇంటికి రాను. పాపను షాపు దగ్గర ఆయన చేతికి ఇచ్చి సోలై నగర్ బస్సెక్కుతాను.

నువ్వు పదకొండు ఇళ్ళలో నీ తప్పు చెప్పావు. ఆ అమ్మాయి పేరు పోలీసు నోటికి ఎలా వచ్చిందో ఆ ఇళ్ళలో ఇంకా ఎవరికీ తెలియదు. నువ్వు నా పేరు ఎత్తలేదు, అది ఉత్తరంలో గమనించాను. చెల్లెల్ని కాపాడావో, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలని వదిలేశావో అడగను. జీపు పంపింది నేను. ఒక మనిషి సిగ్గుపడాలని కోరుకుని పంపాను. ఆ మాట నేనే చెప్పాలి, మొదట తేన్మొళికి, తర్వాత వరసగా.

నీ మీద నాకు కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలియదు. నీ జాకెట్ల గుడ్డల కింద పడి ఉన్న ఆ ఉత్తరం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ నువ్వు రాసిన ఆ ఒక్క మాట, పొరామై, అది చదివినప్పుడు నువ్వు రాసినట్టు అనిపించలేదు, నేను రాసినట్టు ఉంది.

ఇంటికి వచ్చాక నీ గుమ్మం తొక్కుతాను. ఏం మాట్లాడతానో నాకే తెలియదు. బావను ఉండమను.

సోలై నగర్‌కు మాత్రం నువ్వు తోడు రావద్దు.

ప్రీతి